మొదటి సంతకం

గుంటూరులో పోరాటం అంటే చాలామందికి హిందూ కాలేజీ సెంటరు, జెండాలు, మైకులు గుర్తుకొస్తాయి. నాకు కార్బన్ కాగితం గుర్తుకొస్తుంది.

ఇంటర్ అయిపోయాక, 1990లో, మా నాన్న నన్ను బ్రాడీపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. ఆ రోజుల్లో బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో ఎటు తిరిగినా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు ఉండేది. తెల్లవారకముందే టకటకలు మొదలయ్యేవి. లోయరు పాసైతే, అంటే నిమిషానికి 30 మాటలు కొట్టగలిగితే, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరుకుతుందని తల్లిదండ్రుల నమ్మకం. మాది మేడ మీద రేకుల కింద నడిచేది. ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచికి వెళ్తే మీటలు వేళ్లకు చురుక్కుమనేవి.

దాన్ని నడిపేది ఒక ఆవిడ. పేరు రాయను. రాస్తే ‘నా గురించి నిన్ను ఎవరు రాయమన్నారు’ అని ఇప్పుడు కూడా ఎక్కడినుంచో కోప్పడుతుందని నా భయం. అందరం టీచర్ గారూ అనే పిలిచేవాళ్లం. పెదనందిపాడు వైపు మనిషి. ఒకటో తారీకున ఫీజు ఇవ్వకపోతే రెండో తారీకున మిషను మీద గుడ్డ కప్పి ఉండేది. తప్పు కొడితే స్కేలుతో వేళ్ల మీద కాదు, బల్ల మీద కొట్టేది. ఆ చప్పుడుకే వేళ్లు ముడుచుకునేవి. దయగల మనిషి అని ఆవిడ గురించి ఎవరూ అనగా నేను వినలేదు.

మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేది. గుంటూరు మిర్చి అంటే యార్డులో వరసలు తీరిన టిక్కీల, అంటే మిర్చి బస్తాల, ఫోటోలు అందరూ చూసి ఉంటారు. కాయ యార్డు నుంచి కోల్డు స్టోరేజీకి, అక్కడి నుంచి కారం మిల్లుకో ఎగుమతికో పోయే మధ్యలో ఈ పని ఒకటి ఉంటుంది. నేల మీద బరకం పరిచి కాయలు కుప్ప పోస్తారు. చుట్టూ ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. ఎడమ చేతిలోకి గుప్పెడు కాయలు తీసుకోవడం, కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో తొడిమ మొదట్లో చిన్నగా మెలితిప్పి లాగడం. గట్టిగా లాగితే కాయ చిరిగి గింజ రాలుతుంది, గుమస్తా తిడతాడు. మెల్లగా లాగితే తొడిమ సగం ఉండిపోతుంది, అప్పుడూ తిడతాడు. తాలు కాయ కనిపిస్తే పక్కకు వేయాలి. తేజ రకమైతే కాయ సన్నం, కిలోకు ఎక్కువ తూగుతాయి. కూలి కిలో లెక్కన కాబట్టి అదే డబ్బుకు ఎక్కువసేపు కూర్చోవాలి.

పొద్దున బయలుదేరే ముందు పెద్దమ్మ చేతులకు ఆముదం పట్టించుకునేది. సాయంత్రం వచ్చాక వేడినీళ్లు ముట్టుకునేది కాదు, వేడి తగిలితే మంట తిరగబెడుతుందని. గిన్నెలో పుల్ల మజ్జిగ పోసుకుని అందులో చేతులు ముంచి గడప మీద కూర్చునేది. అప్పటికి చిన్నవాడైన మా తమ్ముడు పరుగెత్తుకుంటూ వస్తే మోచేతులతో ఎత్తుకునేది, అరచేతులు రెండూ గాలిలో దూరంగా పెట్టి. వాడి కళ్లకు తగులుతుందని. మిర్చి సీజను నాలుగు నెలలూ వాణ్ణి ఆవిడ అరచేత్తో ముట్టుకోలేదు.

మంట గురించి ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. మిర్చి అన్నాక మండుతుంది. ఆవిడ కోపమంతా కాటా మీద.

తొడిమ తీసిన కాయను బస్తాకెత్తి కాటా మీద పెట్టాక గుమస్తా పలికిందే తూకం. ఆ కాటా ముఖం గోడ వైపు తిరిగి ఉండేది. గుమస్తా గోడకూ కాటాకూ మధ్య కూర్చునేవాడు. ముల్లు ఎక్కడ ఆగిందో అతనికి, గోడకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. పలికిన అంకెలోంచి మళ్ళీ తరుగు అని కొంత తీసేవాళ్లు. గోనె బరువు అనేవాళ్లు ఒకరోజు, తేమ అనేవాళ్లు ఇంకోరోజు. ఎండుమిర్చిలో, ఏప్రిల్ ఎండలో, తేమ!

టైపు నేర్చుకునే చెల్లెలి కూతురు ఒకతె ఉందని ఆవిడ ఆ ఆడవాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నట్టుంది. 1991 మార్చిలో ఒకరోజు సాయంత్రం బ్యాచి అయిపోయే వేళకు పదిమంది దాకా మేడ మీదకు వచ్చారు, అర్జీ టైపు కొట్టించుకోవడానికి. ఒంటి నిండా మిర్చి ఘాటు. రెండో వరసలో లోయరు అమ్మాయిలు తుమ్ములు మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో అక్కడున్న అందరికీ తెలుసు, టీచర్ గారికీ తెలుసు. మాది ఏ పేటో తెలిసే ఆవిడ నన్ను చేర్చుకుంది. అయినా ఆ గదిలో మావాళ్లు ఇంతమంది ఒక్కసారిగా ఎప్పుడూ లేరు.

“మెట్ల మీద కూర్చుని చెప్తే నాకు వినపడదు. లోపలికి వచ్చి బల్లల మీద కూర్చోండి,” అంది. అందులో ఆప్యాయత ఏమీ లేదు. ఫీజు అడిగే గొంతే.

నేను ఎంతో ఉత్సాహంగా మొదలుపెట్టాను. ‘తమరి పాదపద్మములకు నమస్కరించి’ అని ఒక పంక్తి కొట్టానో లేదో కాగితం లాగేసింది. తేదీ, ఎవరు, ఎక్కడ, ఏమి జరిగింది, ఏమి కావాలి, ఇంతే ఉండాలంది. తరువాత పెద్దమ్మ వైపు తిరిగి, “బస్తాకు ఎంత తగ్గుతోంది?” అని అడిగింది.

“చాలా తగ్గుతోంది టీచరమ్మ గారూ.”

“చాలా అనే అంకె నా మిషను మీద లేదమ్మా.”

ఆ రోజుకు అర్జీ కాలేదు. తూకంలో మోసం ఉందని వాళ్లందరికీ తెలుసు, కానీ ఎంత అని చెప్పగలిగిన వాళ్లు లేరు. కాటా మీద పెట్టి చూడటానికి సరైన తూకం రాళ్లు తీసుకెళ్తే గేటు దగ్గరే పట్టుకుంటారు. ఈ చిక్కును విప్పింది మా పెద్దమ్మ. రెండు రోజుల తరువాత గడప మీద మజ్జిగ గిన్నెతో కూర్చున్నప్పుడు తట్టిందట: లోపలికి తీసుకెళ్లినా ఎవరూ పట్టుకోలేని బరువు మనిషి.

అప్పుడు గుంటూరు రైల్వే స్టేషనులో రంగుబల్బులు వెలిగి ఆరే బరువు మిషను ఉండేది. ఎక్కి నిలబడి రూపాయి బిళ్ళ వేస్తే లోపల చక్రం తిరిగి, కట్‌మని అట్టముక్క టికెట్టు పడేది. ఒకవైపు బరువు, తేదీ. రెండోవైపు జాతకం. ముగ్గురు ఆడవాళ్లు పొద్దున్నే పనికి వెళ్లే ముందు స్టేషనుకు వెళ్లారు. ప్లాట్‌ఫారం టికెట్లు కొనుక్కుని మరీ వెళ్లమని టీచర్ గారి ఆజ్ఞ. దొంగతూకం పట్టుకోవడానికి పోతూ మనం టికెట్టు లేకుండా పోకూడదట. మధ్యాహ్నం గుమస్తా భోజనానికి లేచినప్పుడు ఆ ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు స్టోరేజీ కాటా ఎక్కారు. పెద్దమ్మ స్టేషనులో 52 కిలోలు, ఇక్కడ 49. మిగతా ఇద్దరికీ అలాగే తగ్గింది. లావుగా ఉండే ఆవిడకు అందరికంటే ఎక్కువ తగ్గింది. ‘ఈ కాటా మా ఇంట్లో ఉంటే బాగుండు’ అందట ఆవిడ. కాపలా నిలబడిన పిల్ల నవ్వు ఆపుకోలేక గుమస్తా వచ్చేస్తున్న సంగతి చెప్పడమే మరిచిపోయేదట, కొద్దిలో తప్పింది.

ఆ సాయంత్రం ఆ మూడు టికెట్లు నా ముందు పెట్టారు. జాతకం చదవమన్నారు. పెద్దమ్మది తీశాను. త్వరలో ధనయోగం అని ఏదో ఉంది. గది గొల్లుమంది. టీచర్ గారు మాత్రం టికెట్లు అందుకుని, బరువు పైకి కనిపించేలా ఒక్కొక్కదాన్నీ కాగితానికి గుండుసూదితో గుచ్చింది.

తెలుగు మిషను మీద అర్జీ కొట్టడం ఎంత పనో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. గుణింతాలు, ఒత్తులు అన్నీ ఆ కొద్ది మీటల్లోనే ఇరికించి ఉండేవి. మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు. పై కాగితం మీద ఒక అక్షరం తప్పు పడితే రబ్బరు పెట్టి మూడింటి మీదా విడివిడిగా చెరపాలి. మొదటి కాపీ ఆఫీసుకు, రెండోది ‘అందినది’ అని ముద్ర వేయించుకుని వెనక్కి తెచ్చుకోవడానికి, మూడోది ఇన్‌స్టిట్యూట్ బీరువాలో. ముద్ర లేకుండా తిరిగి వస్తే ఆవిడ దృష్టిలో అర్జీ ఇవ్వనట్టే లెక్క. ముద్ర వేసే గుమస్తా టీకి వెళ్తే వచ్చేదాకా కూర్చోవాలి, సెలవు పెడితే మర్నాడు వెళ్లాలి. ఈ పనంతా నా మీద పడింది, సైకిలు ఉంది కాబట్టి.

సంతకాల దగ్గర ఒక పేచీ వచ్చింది. ఎవరి పేరు మొదట ఉంటే వాళ్లకే ముందు దెబ్బ తగులుతుంది. టీచర్ గారు ఒక ఉపాయం చెప్పింది. వెనకటికి ఓడల్లో పనిచేసే కళాసీలు కెప్టెన్ మీద ఫిర్యాదు రాస్తే గుండ్రంగా సంతకాలు పెట్టేవాళ్లట, మొదటివాడెవడో తెలియకుండా. కాగితం మధ్యలో పళ్లెం బోర్లించి పెన్సిలుతో గీసి, దాని చుట్టూ వేలిముద్రలు వేయమంది. అందరికీ నచ్చింది, మా పెద్దమ్మకు తప్ప. సండే స్కూల్లో కష్టపడి నేర్చుకున్న సంతకం ఆవిడది. “గుండ్రంగా పెడితే నాది తలకిందులుగా పడుతుంది, నేను పెట్టను,” అని, పళ్లెం పక్కకు జరిపి, కాగితం మీద పై వరసలో ఎడమవైపు తన పేరు నిలువునా నిటారుగా రాసేసింది. ఇక మిగతావాళ్లు దాని కిందే వేశారు. స్టాంపు ప్యాడు మీద నొక్కి వేసిన ఆ బొటనవేళ్లలో సగానికి పైగా గీతలే పడలేదు. సిరా మరకల్లా నున్నగా ఉన్నాయి. టీచర్ గారు అద్దాలు పైకి జరిపి కాసేపు చూసి, “ఇవి వేలిముద్రలని ఎవరు ఒప్పుకుంటారు?” అంది తనలో తాను. అప్పుడు ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

స్టేషను టికెట్లు సాక్ష్యానికి పనికిరావని ఆఫీసులో ఒకాయన అన్నాడు. ఆయన చెప్పింది చట్టప్రకారం నిజమే కావచ్చు. తరువాతి అర్జీలో టీచర్ గారు మోసం అనే మాటే రానివ్వలేదు. వ్యాపారానికి వాడే ప్రతి కాటానూ తూనికలు, కొలతల శాఖ వాళ్లు పరీక్షించి ముద్ర వేయాలని, గడువు దాటితే మళ్ళీ వేయాలని అప్పట్లో 1985 నాటి చట్టం ఉండేది. ఫలానా చోట ఉన్న ఈ కాటాకు చివరిసారి ముద్ర పడిన తేదీ తెలియజేయగలరు, అని ఒక్క వాక్యం కొట్టించింది. మోసం జరిగిందా లేదా అంటే ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు. తేదీ అంటే ఉండాలి, లేకపోతే లేదని చెప్పాలి. ఆ వేసవి చివరికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి కాటా చూసి పోయాడు. పాతది తీసేశారు, కొత్తది వచ్చింది. ముద్రతో సహా.

సంబరం చేసుకున్నాం. ఒక్క కిలో మైసూరుపాకు అందరికీ వచ్చింది. దాన్ని తూచిన కొట్టులో తక్కెడ మీద ముద్ర ఉందా అని పెద్దమ్మ వంగి చూసిందట.

ఆగస్టులో చుండూరు జరిగింది.

తెనాలి దగ్గర చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పేపర్లలో అంతా వచ్చింది, ఇక్కడ మళ్ళీ రాయలేను. మా పెద్దమ్మ అత్తవారి వైపు చుట్టాలు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. ఊరు వదిలి వచ్చినవాళ్లు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకుంటే పెద్దమ్మ, ఆవిడతో పనిచేసే ఇంకొందరు బియ్యం, పాత చీరలు మూటకట్టి తీసుకెళ్లారు. తిరిగొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. ఒక కాటా మార్పించి పండగ చేసుకున్న మాకు, ఆ మూడు కిలోలు ఎంత చిన్నవో తెలిసిన నెల అది. చనిపోయినవాళ్లను ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు.

వచ్చే ఏడు సీజనులో పెద్దమ్మను పనికి పిలవలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆటో వచ్చి సందు చివర ఆగడం, పేర్లు పిలవడం, ఆవిడ పేరు రాకపోవడం, అంతే. చుట్టుపక్కల స్టోరేజీల గుమస్తాలందరికీ కబురు వెళ్లినట్టుంది. ఆ నాలుగు నెలలు ఆవిడ ఇళ్లలో అంట్లు తోమింది. మా తమ్ముణ్ణి మాత్రం ఆ వేసవిలో తనివితీరా ఎత్తుకుంది. ఆ మాట ఆవిడే నవ్వుతూ చెప్పేది.

నాకు నవ్వు రాలేదు. హయ్యరుకు కట్టాను అప్పటికి. ఒకరోజు మిషను ముందు కూర్చుని ఏడుపు వచ్చేసి, ఎందుకండీ ఈ అర్జీలు, ఎవరికి ఏమి ఒరిగింది అని టీచర్ గారిని నిలదీశాను. ఆవిడ ఓదార్చలేదు. వాళ్ల తాత కథ చెప్పింది. పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం రోజుల్లో, పర్వతనేని వీరయ్య చౌదరి గారి మాట మీద ఫిర్కాలో గ్రామోద్యోగులు చాలామంది రాజీనామా చేశారు. వాళ్ల తాత మునసబు ఉద్యోగం అలాగే పోయింది. పశువుల జప్తులకు ఓర్చుకున్నారు, పోలీసులను దించినా కదల్లేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టడం, గాంధీగారు ఉద్యమం ఆపేయడం, అన్నీ రోజుల్లో అయిపోయాయి. ఊరు తప్పు చేయలేదు, ఓడిపోనూ లేదు. ఎక్కడో ఉత్తరాన జరిగినదానికి ఇక్కడ ఆగిపోవలసి వచ్చింది.

“మా తాత ఏమన్నాడో నాకు తెలియదు. మా నాయనమ్మ మాత్రం పోయేదాకా దెప్పింది, ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకున్నావని. మళ్ళీ 1930లో ఉప్పు సత్యాగ్రహానికి ఆయన బయలుదేరితే అన్నం మూటకట్టి ఇచ్చిందట. తిడుతూనే కట్టింది,” అని చెప్పి, “నీ మార్జిను వంకరగా పోతోంది చూసుకో,” అంది.

ఆ కథలో నాకు అప్పుడు ఏమీ ఊరట దొరకలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, నేను చూసిన ఆశావాదులందరూ ఇలా తిడుతూ మూటకట్టే రకమే. విజయం మనదే అని మైకులో చెప్పినవాళ్లను కూడా గుంటూరులో చాలామందిని విన్నాను. మంచివాళ్లే. కానీ గెలుపు రాకపోయేసరికి వాళ్లు తొందరగా డీలాపడిపోయారు, కొందరు పార్టీలు మారారు. టీచర్ గారు గెలుస్తామని ఒక్కసారి కూడా అనలేదు. పెద్దమ్మ అయితే ప్రతిసారీ ‘ఏమీ జరగదులే’ అనే బయలుదేరేది. బయలుదేరేది మాత్రం అందరికంటే ముందు.

మరో సీజనుకు ఆవిడకు వేరే స్టోరేజీలో పని దొరికింది. వెళ్లిన వారానికే అక్కడి కాటా ఎటు తిరిగి ఉందని అడిగిందట. ఇలా ఏళ్లు గడిచాయి. అర్జీలు నేను ఉద్యోగంలో చేరాక కూడా సాయంత్రాలు వెళ్లి కొడుతూనే ఉన్నాను. తాగునీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి, కనీస వేతనాల రేటు గోడమీద అంటించమని ఒకటి. ఆ రేట్లను అయిదేళ్లు దాటకుండా సవరించాలని 1948 చట్టంలోనే ఉన్నట్టు టీచర్ గారు ఎవరో ప్లీడరు దగ్గర రాసుకొచ్చింది. చాలావాటికి జవాబు రాలేదు. వచ్చినవాటిలో కొన్ని ‘తగు చర్య తీసుకోబడును’ దగ్గర ఆగిపోయాయి. కానీ పట్టణంలో ఒక్కొక్క చోటే కాటాలు గోడ వైపు నుంచి మనుషుల వైపు తిరిగాయి. తూకం రాసి చీటీ ఇవ్వడం మొదలైంది. ఇదంతా మా అర్జీల వల్లేనని చెప్పను. యూనియన్లు కొట్లాడాయి, కొందరు యజమానులకే బుద్ధి పుట్టింది, ఎలక్ట్రానిక్ కాటాలూ వచ్చాయి.

ఆ ఎలక్ట్రానిక్ కాలమే ఇన్‌స్టిట్యూట్‌నూ మింగింది. వీధికొక కంప్యూటర్ సెంటరు వచ్చాక లోయరుకు వచ్చే పిల్లలు లేరు. రెమింగ్టన్ టైపు మిషన్లను కొనేవాళ్లు లేక చివరికి పాత ఇనుముకు వేశారు, కిలోల లెక్కన. ఆ కొనేవాడి కాటాకు ముద్ర ఉందా లేదా అని ఆవిడ ఎంత సతాయించిందో ఊహించుకోవచ్చు. లేదు. మర్నాడు ముద్ర ఉన్న కాటాతో వచ్చాడు పాపం.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు, రాకపోతే పై అధికారికి అప్పీలు. మేము పద్నాలుగేళ్ల కిందట తడుముకుంటూ పట్టుకున్న ‘తేదీ తెలియజేయగలరు’ అనే పద్ధతికి దేశమంతటా చట్టం చేశారని టీచర్ గారికి కొంచెం గర్వం కలిగింది. ఆవిడ గర్వపడటం చూసింది నేను అప్పుడే. పెద్దమ్మ కోడలు ఆ చట్టాన్ని మాకంటే బాగా వాడుకుంది. అర్జీలో మనం అడుక్కున్నట్టు ఉంటుంది, దీంట్లో లెక్క అడిగినట్టు ఉంటుంది అనేది.

చుండూరు కేసు ఈ సంవత్సరాలన్నింటి వెనకా ఒక నీడలా సాగుతూనే ఉంది. విచారణ మొదలవడానికే పదమూడేళ్లు పట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. సాక్షులు తమ ఇళ్ల నుంచి నడిచి వెళ్లి, తాము చూసినదాన్ని, తాము చూసిన చోటే నిలబడి చెప్పారు. అన్నేళ్లు సాక్షులు నిలబడి ఉండటమే నాకు తీర్పు కంటే పెద్ద సంగతిగా కనిపిస్తుంది. 2007 జులై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. పెద్దమ్మ ఆ రోజు చర్చికి వెళ్లింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది, ఏమీ మాట్లాడకుండా.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసి అందరినీ విడుదల చేసింది.

మర్నాడు సాయంత్రం నేను టీచర్ గారింటికి వెళ్లాను. అప్పటికి ఆవిడకు చూపు బాగా తగ్గింది. పేపరు నేనే చదివి వినిపించాలని వెళ్లాను, చదవలేక మధ్యలో ఆపేశాను. ఇరవై మూడేళ్లండీ, అన్నాను. ఇంకేదో కూడా అన్నాను, ఈ దేశంలో అని మొదలయ్యే వాక్యం. ఆవిడ చేత్తో ఆగమంది.

“సుప్రీంకోర్టుకు వెళ్లడానికి గడువెంత?”

“తొంభై రోజులండీ.”

“ఈరోజుతో ఎన్ని పోయాయి?”

లెక్కపెట్టి చెప్పాను. సరే అన్నట్టు తలూపి, కాఫీ పెట్టమంది. ఆ కేసుతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. అప్పీలు వేసేవాళ్లు వేరే ఉన్నారు, వేశారు కూడా. అయినా ఆ ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఆ తొంభయ్యో రోజు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టించింది నాచేత. మరుసటి ఏడాది ఆవిడ పోయింది. బీరువాలోని మూడో కాపీలన్నీ నాకు ఇమ్మని కొడుకుతో చెప్పి పోయింది. కింది కార్బన్ కాపీలు కదా, సగం అక్షరాలు ఆనవు.

రేషను షాపుల్లో వేలిముద్రల మిషన్లు వచ్చింది ఆ రోజుల్లోనే. పెద్దమ్మ వేలు పెడితే మిషను ఎర్రలైటు చూపించింది. ఇంకో వేలు, ఇంకో వేలు. పది వేళ్లూ అయ్యాయి. నిమ్మకాయ రుద్దుకుని రమ్మన్నారు, సబ్బుతో కడుక్కుని రమ్మన్నారు. ముప్పై ఏళ్లకు పైగా తొడిమలు తీసిన వేళ్లు, గీతలు ఎక్కడి నుంచి వస్తాయి? మీరు మీరే అని రుజువు లేదమ్మా అని డీలరు అన్నాడట. ఇంతకంటే మండే మాట నేను వినలేదు. టీచర్ గారు అద్దాలు పైకి జరిపి ఆ సిరా మరకలను చూసిన సాయంత్రం అప్పుడు గుర్తుకొచ్చింది. పాతికేళ్ల ముందే ఆవిడకు కనపడింది.

పెద్దమ్మ ఆ పేటలో అలాంటివాళ్లను వెతికి పట్టుకుంది. తొడిమలు తీసినవాళ్లు, అంట్లు తోమినవాళ్లు, సున్నం పని చేసినవాళ్లు. అందరినీ మా ఇంటికి తోలుకొచ్చింది. నేను కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీశాను: వేలిముద్ర పడనివారికి కంటిపాప మిషను ఈ షాపులో ఎప్పటిలోగా పెడతారో తేదీ తెలియజేయగలరు. సంతకాల దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆవిడ వైపు చూశారు.

“నాది రెండోది,” అంది. కోడలి చేతికి పెన్ను ఇచ్చింది. “సోమవారం సోమవారం కలెక్టరేటుకు తిరగాలి. ఆ మెట్లు ఇప్పుడు నా మోకాళ్ల పని కాదు. మొదటి పేరు ఎవరిదైతే వాళ్లనే పిలుస్తారు, నువ్వు పెట్టు.”

కోడలు ఇంగ్లీషులో పెట్టింది సంతకం. ఇదేమి సంతకం, పేరు తెలియకుండా అని పెద్దమ్మ సణిగింది. చేత్తో నున్నటి బొటనవేలు తుడుచుకుని, కింద తెలుగులో పూర్తిపేరు రాసింది, ఎప్పటిలాగే నిటారుగా.

కొన్ని సోమవారాల తరువాత మిషను వచ్చింది. శుక్లాల ఆపరేషను అయిన కన్ను పట్టలేదు. రెండో కన్ను పట్టింది. బియ్యం తెచ్చుకుని, ఇంటికి వెళ్లి, మధ్యాహ్నం నాకు ఫోను చేసింది. బియ్యం దొరికిన సంగతి చెప్పడానికి కాదు. అర్జీలో పేరున్న సున్నం పని ముసలాయనకు కన్ను కూడా పట్టడం లేదట, ఈసారి ఎవరికి రాయాలో కనుక్కోమంది.